గాడులు నిండుగా ఉన్న టైరుని ఎందుకు మార్చాలి?

ప్రశ్న: నమస్తే అండీ. నేను న్యూజెర్సీలోని ఎడిసన్‌లో ఉంటాను. రెండు సీట్ల ఓపెన్ టాప్ కారు కొనుక్కోవాలని చదువుకునే రోజుల నుంచీ కోరిక. ఈ వేసవిలో 1994 మోడల్ మాజ్డా మియాటా ఒకటి దొరికింది. టైర్లు దాదాపు కొత్తవేనని అమ్మినాయన చెప్పాడు. చూస్తే గాడులు నిజంగానే నిండుగా ఉన్నాయి. కానీ మొన్న వానలో ఓ మలుపు దగ్గర వెనక భాగం పక్కకి జారింది. పెద్ద స్పీడు కూడా లేదు. అప్పటి నుంచి మా ఆవిడ ఆ కారు ఎక్కనంటోంది. టైర్ల షాపులో 80 వేల మైళ్ల వారంటీ ఉన్న ఆల్ సీజన్ టైర్లు వేయించుకోమన్నారు. ఆఫీసులో కార్ల పిచ్చి ఉన్న స్నేహితుడు అవి పనికిరావు, 200 ట్రెడ్‌వేర్ టైర్లు వెయ్యి, పనిలో పనిగా 17 అంగుళాల వీల్స్‌కి మారిపో అంటున్నాడు. నాన్నగారు నెల్లూరులో లారీ ట్రాన్స్‌పోర్టు ఆఫీసులో పనిచేసి రిటైరయ్యారు. వీడియో కాల్‌లో టైరు చూపిస్తే "గ్రిప్పు ఇంత బాగుంటే మార్చడం ఎందుకురా, డబ్బు దండగ" అన్నారు. నేను ఏడాదికి మూడు వేల మైళ్లకు మించి తిప్పను. డిసెంబరు నుంచి మార్చి దాకా కారు గరాజ్‌లోనే ఉంటుంది. వీల్స్ కారుతో వచ్చినవే, 14 అంగుళాలవి. టైరు పక్కనున్న నంబర్ల ఫోటోలు జత చేశాను. ఎవరి మాట వినమంటారు?

సమాధానం: ముగ్గురూ తెలిసిన మాటే చెప్పారు. కాకపోతే ఒక్కొక్కరూ ఒక్కో బండిని మనసులో పెట్టుకుని చెప్పారు. నాన్నగారి కళ్ల ముందు లారీ ఉంది. షాపువాళ్లకి రోజూ వచ్చే ఫ్యామిలీ కార్లు గుర్తొచ్చాయి. మీ స్నేహితుడు రేస్ ట్రాక్ మీద కారుని ఊహించుకున్నాడు. మీ దగ్గరున్నది వీటిలో ఏదీ కాదు.

ముందు ఫోటోల సంగతి. టైరు పక్కన 'డాట్' (DOT) అనే అక్షరాలతో మొదలయ్యే వరుస ఉంది చూశారా, దాని చివర మీ టైర్లకి 2811 అని ఉంది. మొదటి రెండు అంకెలు వారం, తర్వాతి రెండు సంవత్సరం. అంటే ఆ టైరు 2011లో 28వ వారంలో, జులై నెలలో తయారైంది. అమ్మినాయన అబద్ధం చెప్పాడని నేననను. ఆయన కూడా మీలాగే గాడులు చూసి కొత్తవనుకుని ఉండొచ్చు. పూర్తి నంబరు చాలా టైర్లకి ఒకవైపే ఉంటుంది. బయటివైపు తేదీ కనిపించకపోతే కారు కిందికి వంగి లోపలివైపు చూడాల్సిందే. పాత కారు కొనేటప్పుడు ఇంజిన్ చప్పుడు వినడానికి అరగంట కేటాయించేవాళ్లు కూడా ఈ నాలుగంకెలు చూడరు.

టైరు రబ్బరు తిరిగినా తిరగకపోయినా ముసలిదవుతుంది. గాలిలోని ఆక్సిజన్, ఓజోన్ దాన్ని మెల్లగా గట్టిపరుస్తాయి. రబ్బరుని మెత్తగా ఉంచే నూనెలు ఏళ్లు గడిచేకొద్దీ తగ్గిపోతాయి. పగుళ్లు రాకుండా రబ్బరులో కొన్ని మైనాలు, రసాయనాలు కలుపుతారు. టైరు తిరుగుతూ, నలుగుతూ ఉంటేనే అవి పైపొరకి బాగా చేరతాయి. అందుకే కదలకుండా నిలబెట్టిన కారు టైరు రోజూ తిరిగే కారు టైరుకన్నా ముందు పాడైనా ఆశ్చర్యం లేదు. స్కూలు కంపాస్ బాక్సులో ఏళ్ల తరబడి ఉండిపోయిన రబ్బరు గుర్తుందా? ఆకారం అలాగే ఉంటుంది, రుద్దితే మాత్రం కాగితం మీద జారుతుంది, చెరపదు. మీ టైరు తడిరోడ్డు మీద చేసింది అదే. గాడులు నీళ్లని పక్కకి పంపగలవు, అంతే. తడి తారుని పట్టుకోవాల్సింది మెత్తటి రబ్బరు. అది మీ టైర్లలో ఇప్పుడు లేదు.

ఎన్నేళ్లకి మార్చాలన్న దాని మీద కంపెనీలన్నీ ఒక్క మాట మీద లేవు. ఆరేళ్లకి మార్చేయమని చాలా కార్ల కంపెనీలు చెబుతాయి. అయిదేళ్ల నుంచి ఏటా పరీక్ష చేయించమని, గాడులెంత ఉన్నా పదేళ్లు దాటితే తీసేయమని మిషెలిన్ లాంటి టైర్ల కంపెనీలు అంటాయి. మీవి ఏ లెక్కన చూసినా గడువు దాటేశాయి. ఇదంతా షాపువాళ్ల బేరం అనుకోకండి. 2013 నవంబరులో హాలీవుడ్ నటుడు పాల్ వాకర్ ప్రయాణిస్తున్న పోర్షే కరేరా జీటీ కాలిఫోర్నియాలో ప్రమాదానికి గురైంది. కారణం అతివేగమేనని దర్యాప్తులో తేల్చారు. దాంతోపాటు ఆ టైర్ల వయసు తొమ్మిదేళ్లు దాటిందన్న విషయాన్ని కూడా దర్యాప్తు అధికారులు ప్రస్తావించారు. అంత ఖరీదైన కారుకి కొత్త టైర్లు వేయించలేక కాదు కదా. తక్కువ తిరిగే కారు కాబట్టి ఎవరూ పట్టించుకుని ఉండరు.

నాన్నగారికి ఇలా చెప్పండి. లారీ టైరు ముసలిదయ్యేదాకా బతకదు. రోజుకి వందల కిలోమీటర్లు తిరిగి, అరిగి, రీట్రెడింగ్‌కి వెళ్లి, మళ్లీ అరిగి తుక్కులో చేరుతుంది. దాన్ని అరుగుదలతో కొలవడం సరైనదే, ఆయన సర్వీసంతా చూసింది కూడా అదే. మీ మియాటా ఏడాదికి మూడు వేల మైళ్లే తిరుగుతుంది. ఆరేళ్లకి 18 వేల మైళ్లు. ఈ కారు కింద ఏ టైరూ అరిగి పోదు, వయసైపోయి పోతుంది.

ఈ లెక్క ఒక్కటి పట్టుకుంటే షాపువాళ్ల సలహా ఎక్కడ తేడా కొట్టిందో తెలిసిపోతుంది. 80 వేల మైళ్లు నడవాలంటే రబ్బరు గట్టిగా ఉండాలి. గట్టి రబ్బరంటే పట్టు కొంత వదులుకున్నట్టే. రోజూ అరవై మైళ్లు ఆఫీసుకి వెళ్లొచ్చే కారుకి అది మంచి బేరం. మీరైతే ఆ 80 వేల మైళ్లు పూర్తి చేయడానికి పాతికేళ్లు పైనే పడుతుంది. వాడుకోలేని మైళ్ల కోసం, వానలో అక్కరకొచ్చే పట్టుని ఎందుకు వదులుకోవాలి? పైగా 1994 మియాటాలో స్టెబిలిటీ కంట్రోల్ లేదు. వెనక భాగం జారితే సరిచేయడానికి మీ చేతులు, ఆ నాలుగు టైర్లు తప్ప ఇంకేం లేవు.

అలాగని మీ స్నేహితుడి దారీ పట్టకండి. ట్రెడ్‌వేర్ అంకె ఏమిటో ముందు చూద్దాం. అమెరికాలో అమ్మే కారు టైర్ల మీద మూడు గ్రేడులు ఉంటాయి: ట్రెడ్‌వేర్ అంకె, ట్రాక్షన్ అక్షరం, టెంపరేచర్ అక్షరం. ట్రెడ్‌వేర్ కోసం టెక్సాస్‌లోని రోడ్ల మీద టైరుని 7,200 మైళ్లు నడిపి, 100 అని పెట్టుకున్న ఒక ప్రామాణిక టైరుతో పోలుస్తారు. అంకె పెరిగేకొద్దీ అరుగుదల తక్కువ. అయితే ఆ అంకెని నిర్ణయించుకునేది తయారు చేసిన కంపెనీయే. కాబట్టి ఒకే కంపెనీ టైర్లను పోల్చుకోవడానికి అది బాగా పనికొస్తుంది. ఒక కంపెనీ 300ని ఇంకో కంపెనీ 340తో తూకం వేస్తే పెద్దగా ఏమీ తేలదు. ట్రాక్షన్ అక్షరంలోనూ ఒక మెలిక ఉంది. తడిరోడ్డు మీద నేరుగా బ్రేకు వేసినప్పటి పట్టునే అది చెబుతుంది. మలుపులో పట్టు గురించి అందులో ఏమీ ఉండదు.

బ్రిడ్జ్‌స్టోన్ పొటెంజా ఆర్ఈ-71ఆర్ఎస్, ఫాల్కెన్ ఆర్‌టీ660, యొకొహామా అడ్వాన్ నియోవా లాంటి 200 ట్రెడ్‌వేర్ టైర్లు ఖాళీ పార్కింగ్ లాట్‌లో కోన్లు పెట్టి ఆడే ఆటోక్రాస్‌కి, ట్రాక్ డేలకి బ్రహ్మాండంగా ఉంటాయి. అవి వేడెక్కితేనే పూర్తిగా పనిచేస్తాయి. పాలకో పెరుగుకో వెళ్లొచ్చే దూరంలో ఏం వేడెక్కుతాయి? చప్పుడు ఎక్కువ. చలికి బిగుసుకుపోతాయి. నీళ్లు నిలిచిన రోడ్డు మీద వాటిలో చాలావాటిని నేను నమ్మను. ఇంకో మాట, ఇది నా అభిప్రాయమే: మీ కారు బరువు వెయ్యి కిలోలకి కాస్త పైన, ఇంజిన్ శక్తి 128 హార్స్‌పవర్. ఈ కారు నడపడంలో సరదా అంతా మామూలు స్పీడులోనే అది కాస్త ఒరుగుతూ, కదులుతూ చేతికి కబురు పంపడంలో ఉంది. మరీ అతుక్కుపోయే టైర్లు వేస్తే ఆ కదలిక కోసం స్పీడు లిమిట్ దాటాలి. ముప్ఫయ్యేళ్ల నాటి సస్పెన్షన్ బుష్‌ల మీద, వీల్ బేరింగుల మీద పడే భారం సరేసరి.

17 అంగుళాల వీల్స్ అయితే అసలు వద్దు. మీ కారుకి కంపెనీ ఇచ్చిన సైజు 185/60 ఆర్ 14. అంటే టైరు వెడల్పు 185 మిల్లీమీటర్లు, పక్కగోడ ఎత్తు అందులో 60 శాతం, వీల్ 14 అంగుళాలు. దాని పక్కగోడ ఎత్తు 111 మిల్లీమీటర్లు. 17 అంగుళాల వీల్‌కి మామూలుగా వేసే 205/40లో అది 82కి పడిపోతుంది. న్యూజెర్సీలో చలికాలం వెళ్లాక తేలే గుంతల్లో ఆ 82 మిల్లీమీటర్లు రిమ్ముని ఎంతవరకు కాపాడతాయో మీకే అర్థమవుతుంది. వీల్, టైరు కలిపి బరువు పెరుగుతుంది, స్టీరింగ్‌లో ఆ చురుకు తగ్గుతుంది. చుట్టుకొలత మూడు శాతం పైగా పెరిగి, స్పీడోమీటర్ చూపించేదానికన్నా కారు ఎక్కువ వేగంగా పోతుంటుంది. ఫోటోలో అందంగా కనిపిస్తుందంటే ఒప్పుకుంటాను.

14 అంగుళాల్లో ఒక ఇబ్బంది ఉన్న మాట నిజమే. ఈ రోజుల్లో ఆ సైజులో మంచి పట్టున్న టైర్లు వేళ్ల మీద లెక్కపెట్టొచ్చు. ఒకప్పుడు మామూలు కార్లకి కూడా అదే సైజు కాబట్టి అన్ని రకాలూ దొరికేవి. కార్లు పెద్దవయ్యాయి, చక్రాలూ పెరిగాయి, చిన్న సైజుల్లో చవకరకం టైర్లు మిగిలాయి. మియాటా యజమానులు చాలామంది 15 అంగుళాలకి వెళ్లేది అందుకే. అక్కడ సరైన సైజు 195/50 ఆర్ 15. దాని బయటి వ్యాసం 576 మిల్లీమీటర్లు, మీ పాత సైజుది దాదాపు 578. ఈ తేడా స్పీడోమీటర్‌కి పట్టదు. పైగా 1999 మోడల్‌గా వచ్చిన రెండో తరం మియాటాకి ఆ సైజుని మాజ్డాయే ఆప్షన్‌గా ఇచ్చింది. కాబట్టి మార్చాలనిపిస్తే ఈ ఒక్క మెట్టు దగ్గర ఆగండి. బోల్టుల అమరిక నాలుగు రంధ్రాలు, అవి ఉండే వలయం వ్యాసం 100 మిల్లీమీటర్లు. వీల్ తేలిగ్గా ఉందో లేదో చూసుకోండి.

కానీ మీ 14 అంగుళాల వీల్స్ వంకర లేకుండా ఉంటే వాటితోనే ఉండమంటాను. 2017లో మాజ్డా జపాన్‌లో ఈ మొదటి తరం కార్లను పునరుద్ధరించే సర్వీసు ప్రకటించింది. అప్పుడు బ్రిడ్జ్‌స్టోన్ చేత ఆనాటి ఎస్ఎఫ్325 టైరుని అదే 185/60 ఆర్ 14 సైజులో మళ్లీ తయారు చేయించింది. కారుని పుట్టించినవాళ్లే ఇన్నేళ్ల తర్వాత ఆ సైజు దగ్గరకే వెళ్లారంటే సస్పెన్షన్‌ని దాని చుట్టూనే తీర్చిదిద్దారని కదా అర్థం.

ఇక సమ్మర్ టైరా, ఆల్ సీజనా? ఉష్ణోగ్రత 45 ఫారెన్‌హీట్, అంటే 7 సెల్సియస్ దగ్గరికి దిగితే సమ్మర్ టైరు రబ్బరు బిగుసుకోవడం మొదలవుతుంది. గడ్డకట్టే చలిలో కారు కదిలిస్తే కొన్నిటికి పగుళ్లు కూడా వస్తాయి. మీరు డిసెంబరు నుంచి మార్చి దాకా బయటికి తీయరు, బాగుంది. రోడ్ల మీద చల్లే ఉప్పు ఈ కారు తలుపుల కింది రేకుని తినేస్తుంది కూడా. కానీ నవంబరు ఉదయాలు, ఏప్రిల్ మొదటివారాలు ఏం చేస్తారు? ఎండొచ్చిందని టాప్ దించుకుని బయల్దేరేది సరిగ్గా అప్పుడే. పోకనోస్ కొండల్లోకి వెళితే చలి ఇంకా ఎక్కువ. అందుకే ఆల్ సీజన్ అన్న షాపువాళ్ల మాట సగం ఒప్పు. ఎంచుకున్న రకమే తప్పు. ఆల్ సీజన్‌లో కూడా పట్టు కోసం చేసినవి ఉంటాయి, మైళ్ల కోసం చేసినవీ ఉంటాయి. మీరు మొదటి రకం అడగాలి. ట్రెడ్‌వేర్ 300 నుంచి 500 లోపు, ట్రాక్షన్ ఏ లేదా డబుల్ ఏ, లోడ్ ఇండెక్స్ (టైరు మోయగల బరువుని చెప్పే అంకె) 82కి తగ్గకుండా, స్పీడు అక్షరం హెచ్ లేదా వి. హెచ్ అంటే గంటకి 210 కిలోమీటర్లు. మీ కారు ఎంత తొక్కినా అంత దూరం పోదు కాబట్టి వి కోసం పాకులాడక్కర్లేదు. ఎక్స్‌ట్రా లోడ్ అని రాసి ఉన్న టైర్లు దొరికినా వద్దనండి. తేలికపాటి కారుకి ఆ గట్టి పక్కగోడలతో ఒరిగేది ఏమీ లేదు, నడుము నొప్పి తప్ప.

రేపు ఆటోక్రాస్ పిచ్చి మీక్కూడా పట్టుకుంటే అప్పుడు 15 అంగుళాల వీల్స్ ఒక సెట్టు కొని వాటికి సమ్మర్ టైర్లో, ఆ 200 ట్రెడ్‌వేర్‌వో వేసుకోండి. అప్పటికి మీ స్నేహితుడి సలహా సరైనదవుతుంది.

నాలుగూ ఒకేసారి, ఒకే కంపెనీవి, ఒకే మోడల్‌వి వేయించండి. పొదుపు కోసం రెండు మార్చి రెండు ఉంచుదామంటే ఈ కారులో కుదరదు. ముందు కొత్తవి, వెనక పాతవి ఉంటే మొన్న మలుపులో జరిగింది మళ్లీ జరుగుతుంది, ఇంకాస్త గట్టిగా. ఇంకో విషయం. మీ స్నేహితుడు ఎస్2000 లాంటి హోండా నడిపేవాడైతే అతని లెక్కలు మీకు సరిపోవు. ఆ కారు మొదటి మోడళ్లకి ముందు 205/55 ఆర్ 16, వెనక 225/50 ఆర్ 16. అలాంటి కార్లలో ఆ తేడాని చెరపకూడదు. మీ మియాటాకి నాలుగు చక్రాలకీ ఒకటే సైజు.

షాపుకి ఫోన్ చేసినప్పుడు సైజు, మోడల్ చెప్పాక ఒక ప్రశ్న తప్పకుండా అడగండి: "టైర్ల తయారీ వారం ఎంత?" తక్కువ అమ్ముడుపోయే సైజు కదా, గోడౌన్‌లో రెండు మూడేళ్లు పడున్న సరుకు రావచ్చు. మీరు మార్చేదే వయసు కోసం కాబట్టి తయారై ఏడాది దాటినవి వద్దని చెప్పండి. బిగించే ముందు నాలుగింటి తేదీలూ కళ్లారా చూసుకోండి. వాల్వులు కొత్తవి వేయించండి, అవి కూడా రబ్బరే. పాత టైర్లు విప్పినప్పుడు రిమ్ములని బ్యాలెన్సింగ్ మెషీన్ మీద ఉత్తగా తిప్పి చూపించమంటే వంకర ఉందో లేదో అక్కడికక్కడే తేలుతుంది. తర్వాత నాలుగు చక్రాల అలైన్‌మెంట్ చేయించండి. మియాటాలో వెనక చక్రాలకి కూడా అలైన్‌మెంట్ ఉంటుంది. ముందువి చూసి పంపించేస్తే ఒప్పుకోవద్దు. మొన్న వెనక భాగం జారడానికి టైరు వయసే ప్రధాన కారణమని నా నమ్మకం. అయినా వెనక టో, అంటే చక్రాలు లోపలికో బయటికో తిరిగి ఉండే కోణం, తప్పి ఉంటే అది కూడా తోడై ఉండొచ్చు.

గాలి విషయంలో షాపుల్లో తరచూ పొరపాటు జరుగుతుంది. ఏ కారు వచ్చినా 35 పీఎస్ఐ కొట్టేసే అలవాటు వాళ్లది. మీ డ్రైవర్ తలుపు దగ్గరున్న స్టిక్కర్ చూడండి, 26 అని ఉంటుంది. ఇప్పటి కార్లతో పోలిస్తే తక్కువ అనిపిస్తుంది. కారు అంత తేలిక మరి. ఆ స్టిక్కర్ అసలు సైజు టైర్లకి వర్తిస్తుంది, మీరు వేసేది అదే సైజు కాబట్టి దాన్నే పాటించండి. రెండు మూడు పాయింట్లు ఎక్కువ పెట్టి చూసి మీకు ఏది నచ్చితే అది ఉంచుకోవచ్చు. టైరు పక్కన రాసి ఉండే పెద్ద అంకె ఆ టైరు తట్టుకోగల గరిష్ఠం. అంత కొట్టమని దాని అర్థం కాదు.

కొత్త టైర్ల పైపొర మీద అచ్చు నుంచి వచ్చిన నున్నటి పూత కొంచెం మిగిలి ఉంటుంది. మొదటి కొన్ని వందల మైళ్లు, ముఖ్యంగా వానలో, నెమ్మదిగా నడపండి. మీ ఆవిడని ఆ తర్వాతే ఎక్కించుకోవడం మంచిది. మొదటి యాభై, వంద మైళ్లయ్యాక నట్లు టార్క్ రెంచితో ఒకసారి సరిచూసుకోండి.

డిక్కీలో ఉన్న ఆ సన్నపాటి స్టెప్నీని కూడా బయటికి తీసి చూడండి. 2000కి ముందు తయారైన టైర్లకి తేదీ మూడంకెలే ఉండేది. దాని మీద నాలుగుకి బదులు మూడంకెలు కనిపిస్తే అది కారుతోపాటు ఫ్యాక్టరీ నుంచి వచ్చిందే అయ్యుంటుంది. దాన్ని నమ్ముకుని హైవే ఎక్కకండి. కొత్తది దొరికేదాకా టోయింగ్ సర్వీసు నంబరు ఫోన్‌లో పెట్టుకోండి.